50 మందిలో ఇద్దరికి కాంప్లికేషన్: ఎగ్జాక్ట్ ఇంటర్వెల్ రాయాలా, విల్సన్ రాయాలా?

డాక్టర్ గారూ, మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. సర్జరీ పీజీ థీసిస్ కోసం 50 మంది పేషెంట్లను చూశారు. ఇద్దరికి కాంప్లికేషన్ వచ్చింది, అంటే 4 శాతం. సాఫ్ట్‌వేర్ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు రేటు ఉండొచ్చనుకునే కింది, పై హద్దులు) మైనస్ 1.4 నుంచి 9.4 వరకు ఇచ్చింది. మైనస్ తీసేసి సున్నా రాయమని గైడ్ అన్నారు. పేపర్ పంపితే రివ్యూయర్ 'ఎగ్జాక్ట్ ఇంటర్వెల్ ఇవ్వండి' అని తిప్పి పంపారు. మీ సీనియర్ ఒకరేమో ఎగ్జాక్ట్ మరీ వెడల్పుగా వస్తుంది, విల్సన్ అనే ఇంకో పద్ధతి పెట్టుకో అన్నారు. దీనికి తోడు ఆ 50 మందిలో షుగర్ ఉన్న 12 మందికి ఒక్క కాంప్లికేషన్ కూడా రాలేదు. అక్కడ సాఫ్ట్‌వేర్ '0 నుంచి 0' అంటోంది.

ముందు జవాబు చెప్పేస్తాను. 50లో 2కి ఎగ్జాక్ట్ ఇంటర్వెల్ 0.5 నుంచి 13.7 శాతం. 12లో సున్నాకి 0 నుంచి 26.5 శాతం. మీ పేపర్‌లో ఈ రెండూ రాయండి. మీ సీనియర్ చెప్పినదాంట్లోనూ నిజం ఉంది, కానీ మీరు చెప్పదలచుకున్న విషయానికి ఎగ్జాక్టే తగినది. ఎందుకో వివరంగా రాస్తున్నాను. ఈ సందేహం ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్‌కి వస్తుంది.

ఆ మైనస్ 1.4 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. చాలా చోట్ల అడక్కుండానే వచ్చేది వాల్డ్ ఇంటర్వెల్. దొరికిన శాతాన్ని మధ్యలో పెట్టి, దాని స్టాండర్డ్ ఎర్రర్‌ను (శాంపిల్ మారితే ఆ శాతం సుమారుగా ఎంత ఊగుతుందన్న కొలతను) 1.96తో హెచ్చవేసి, అటూ ఇటూ అంతే దూరం జరుగుతుంది. మీ లెక్కలో స్టాండర్డ్ ఎర్రర్ 2.77 శాతం. 1.96తో హెచ్చవేస్తే 5.43. నాలుగులోంచి తీసేస్తే మైనస్ 1.43, నాలుగుకు కలిపితే 9.43. ఈ పద్ధతి రెండు విషయాలను నమ్ముకుని నడుస్తుంది. శాంపిల్ మారితే వచ్చే శాతాలు నార్మల్ కర్వ్‌లా రెండువైపులా సమానంగా పరుచుకుంటాయన్నది ఒకటి. స్టాండర్డ్ ఎర్రర్ మనకు తెలుసన్నది రెండోది. నిజానికి దాన్ని కూడా ఆ 4 శాతంలోంచే తీస్తున్నాం. రేటు సున్నాకి దగ్గరగా ఉన్నప్పుడు ఈ రెండూ నిలబడవు. కాంప్లికేషన్లు సున్నా అయితే స్టాండర్డ్ ఎర్రర్ కూడా సున్నా అయిపోతుంది. అందుకే 12 మందిని మాత్రమే చూసి, అసలు రేటే సున్నా అన్నట్టు 0 నుంచి 0 ఇచ్చింది.

మైనస్‌ను సున్నా చేస్తే సరిపోతుందా అంటే సరిపోదు. ఈ ఒక్క మాట మీ గైడ్ గారికి మర్యాదగా, గట్టిగా చెప్పండి. కింది హద్దు మైనస్‌లోకి పోయింది కాబట్టి తప్పు కంటికి కనబడింది. పై హద్దు 9.4 మామూలు అంకెలాగే ఉంది కాబట్టి దాన్నెవరూ ప్రశ్నించలేదు. పేషెంట్‌కు ముఖ్యమైనది ఆ పై హద్దే. 'ఈ ఆపరేషన్‌లో కాంప్లికేషన్ ఎంతవరకు ఉండొచ్చు?' అన్న ప్రశ్నకు 9.4 అనడానికీ 13.7 అనడానికీ చాలా తేడా ఉంది. మైనస్‌ను చెరిపేస్తే కనబడిన లోపం పోతుంది, హాని చేసే లోపం అలాగే ఉండిపోతుంది.

ఎగ్జాక్ట్ పద్ధతి 1934లో క్లాపర్, ఎగాన్ పియర్సన్ ఇద్దరూ కలిసి బయోమెట్రికా పత్రికలో ఇచ్చినది. కంప్యూటర్లు లేని రోజులు కాబట్టి, హద్దులను చూసి చదువుకోవడానికి వీలుగా చార్టులు గీసి ఇచ్చారు. ఆలోచన మాత్రం చాలా సూటిగా ఉంటుంది. నార్మల్ కర్వ్ జోలికి పోకుండా నేరుగా బైనామియల్ సంభావ్యతతోనే (ఇంతమందిలో ఇన్ని ఘటనలు రావడానికి ఉన్న అవకాశంతోనే) లెక్కేస్తారు. అసలు కాంప్లికేషన్ రేటు ఎంత ఎక్కువగా ఉన్నా కూడా 50 మందిలో రెండే రావడం నమ్మదగ్గదిగా ఉంటుంది? రేటును కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి. 13.7 శాతం దగ్గర, 50 మందిలో రెండు లేదా అంతకంటే తక్కువ రావడానికి అవకాశం 2.5 శాతానికి పడిపోతుంది. అక్కడ ఆగండి, అదే పై హద్దు. అలాగే రేటును తగ్గించుకుంటూ పోతే, 0.49 శాతం దగ్గర రెండు లేదా అంతకంటే ఎక్కువ రావడానికి అవకాశం 2.5 శాతం అవుతుంది. అది కింది హద్దు. ఈ హద్దులు 4 శాతానికి సమాన దూరంలో లేవు, ఉండాల్సిన పని కూడా లేదు. కిందికి జరగడానికి చోటు నాలుగు శాతమే, పైకి బోలెడంత ఉంది.

12లో సున్నా లెక్కను మీరు క్యాలిక్యులేటర్ మీదే చేసుకోవచ్చు. అసలు రేటు 26.5 శాతం అనుకుంటే ఒక్కో పేషెంట్ బాగుండే అవకాశం 73.5 శాతం. పన్నెండు మందీ బాగుండే అవకాశం 0.735ను పన్నెండుసార్లు హెచ్చవేస్తే వస్తుంది, అది దాదాపు 0.025. ఆ రేటు 20 శాతమే అనుకున్నా పన్నెండు మందిలో ఒక్కరికీ రాకపోవడానికి దాదాపు 7 శాతం అవకాశం ఉంది. అంటే ఐదుగురిలో ఒకరికి కాంప్లికేషన్ తెచ్చే ఆపరేషన్ కూడా మీ పన్నెండు మందిలో 'సున్నా' చూపించి ఉండొచ్చు. కాబట్టి 'షుగర్ ఉన్నవాళ్లలో కూడా పూర్తిగా సురక్షితం' అన్న వాక్యం మీ డిస్కషన్‌లో ఉంటే దయచేసి తీసేయండి. మిగిలిన 38 మందిలో రెండు వచ్చాయి కదా, దానికి ఎగ్జాక్ట్ ఇంటర్వెల్ 0.6 నుంచి దాదాపు 18 శాతం. ఒక గుంపుకి 0 నుంచి 26.5, ఇంకో గుంపుకి 0.6 నుంచి 18. ఈ డేటాతో ఆ రెండు గుంపుల మధ్య తేడా ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

సున్నా వచ్చినప్పుడు నోటిలెక్కగా వాడుకునే 'మూడు సూత్రం' మీరు వినే ఉంటారు. 1983లో హాన్లీ, లిప్‌మన్‌హ్యాండ్ జామా అనే వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో డాక్టర్లలో బాగా పాకింది. ఎంతమందిని చూశారో ఆ సంఖ్యతో మూడును భాగిస్తే సుమారుగా పై హద్దు వస్తుంది. 300 మందిలో సున్నా వస్తే, అసలు రేటు 1 శాతం దాటదని 95 శాతం ధీమాతో చెప్పొచ్చు. పక్కాగా లెక్కేస్తే 299 మంది చాలు. అయితే ఇది ఒక్కవైపు హద్దు. రెండువైపుల ఇంటర్వెల్ రాస్తుంటే మూడుకు బదులు 3.7 వేసుకోవాలి. మీ 12 మందికైతే ఈ నోటిలెక్క వద్దు. ముప్ఫై కంటే తక్కువ మంది ఉన్నప్పుడు అది అసలు విలువ నుంచి పక్కకు జరుగుతుంది: సూత్రం 25 అంటుంది, ఒక్కవైపు ఎగ్జాక్ట్ 22.1 అంటుంది.

ఇక మీ సీనియర్ చెప్పిన మాటకు వస్తాను. ఎగ్జాక్ట్ మీద ఉన్న అభ్యంతరం చిన్నదేమీ కాదు. 1998లో అగ్రెస్టి, కౌల్ ఇద్దరూ 'ఎగ్జాక్ట్' కంటే ఉజ్జాయింపు పద్ధతులే మేలని వాదిస్తూ పేపర్ రాశారు. 2001లో బ్రౌన్, కై, దాస్‌గుప్తా ఇంకా లోతుగా వెళ్లి, వాల్డ్ ఇంటర్వెల్ పెద్ద శాంపిల్స్‌లో కూడా నమ్మదగ్గది కాదని చూపించారు. క్లాపర్–పియర్సన్ అవసరానికి మించి వెడల్పుగా ఉంటుందనీ అన్నారు. చిన్న శాంపిల్స్‌కి విల్సన్ లేదా జెఫ్రీస్ ఇంటర్వెల్ వాడమన్నారు.

ఈ వాదన అర్థం కావాలంటే ఒక విషయం మనసులో ఉంచుకోవాలి. 95 శాతం అన్నది మీ చేతిలో ఉన్న ఒక్క ఇంటర్వెల్ గురించిన మాట కాదు. అదే పద్ధతిని మళ్లీ మళ్లీ వాడితే నూటికి ఎన్నిసార్లు అసలు రేటును పట్టుకుంటుందన్నదే ఆ మాట. ఒక చిన్న లెక్క చేద్దాం. అసలు రేటు 5 శాతం అనుకోండి, ఒక్కో స్టడీలో 20 మంది. ఇలాంటి స్టడీల్లో నూటికి దాదాపు 36 స్టడీల్లో ఘటనలు సున్నా వస్తాయి. అక్కడ వాల్డ్ ఇంటర్వెల్ 0 నుంచి 0 అవుతుంది, 5 శాతాన్ని పట్టుకోలేదు. ఐదు లేదా అంతకంటే ఎక్కువ ఘటనలు వచ్చిన అరుదైన స్టడీల్లోనూ పట్టుకోలేదు. మొత్తం మీద వాల్డ్ సరైన జవాబును పట్టుకునేది నూటికి 64 సార్లే. పైన '95 శాతం' అని రాసుకుని ఇచ్చేది 64. అదే చోట విల్సన్ 92.5 సార్లు పట్టుకుంటుంది. క్లాపర్–పియర్సన్ 98.4 సార్లు పట్టుకుంటుంది.

సరిగ్గా 95 ఎందుకు రాదు? 20 మందిలో ఘటనలు 0 నుంచి 20 వరకు పూర్ణసంఖ్యలుగానే వస్తాయి. అంటే ఇవ్వగలిగిన ఇంటర్వెల్స్ 21 మాత్రమే. అసలు రేటు కొంచెం జరిగితే వాటిలో ఒకటి ఒక్కసారిగా 'పట్టుకున్నది' నుంచి 'తప్పినది' అయిపోతుంది. కాబట్టి కవరేజ్ (నూటికి ఎన్నిసార్లు పట్టుకుంటుందన్న అంకె) మెట్లు మెట్లుగా ఎగిరి దూకుతుంది. క్లాపర్–పియర్సన్ పెట్టుకున్న నియమం ఒక్కటే: అసలు రేటు ఏదైనా సరే, కవరేజ్ 95 కంటే కిందికి దిగకూడదు. దానికి మూల్యంగా చాలా చోట్ల 97, 98 దగ్గర ఉంటుంది, ఇంటర్వెల్ కాస్త వెడల్పవుతుంది. విల్సన్ ఆ హామీ ఇవ్వదు. సగటున 95 దగ్గర తిరుగుతుంది, కొన్నిచోట్ల పైకి, కొన్నిచోట్ల కిందికి.

విల్సన్ పద్ధతి 1927 నాటిది, అంటే క్లాపర్–పియర్సన్ కంటే ముందుదే. దాని వెనక ఉన్నది స్కోర్ టెస్ట్: స్టాండర్డ్ ఎర్రర్‌ను దొరికిన శాతంలోంచి కాక, పరీక్షిస్తున్న రేటులోంచే తీసే పద్ధతి. ఆ టెస్ట్‌ను 1948లో సాధారణ సిద్ధాంతంగా నిలబెట్టినది మన సి.ఆర్. రావు గారు. విశాఖలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో లెక్కలు చదువుకున్న మనిషి. విల్సన్ ఇంటర్వెల్ వాడే ప్రతిసారీ, తెలిసినా తెలియకపోయినా, మనం రావు గారి స్కోర్ టెస్ట్‌ను తిరగేసి వాడుతున్నట్టే. ఈ సంగతి స్టాటిస్టిక్స్ క్లాసులో మన పిల్లలకు చెప్పాలని నాకు చాలా ఇష్టం.

మీ 50లో 2కి విల్సన్ ఇచ్చేది 1.1 నుంచి 13.5. ఎగ్జాక్ట్ 0.5 నుంచి 13.7. పై హద్దులో తేడా 0.2 శాతమే. కాబట్టి మీ విషయంలో విల్సనా ఎగ్జాక్టా అన్న గొడవ పెద్దది కాదు, వాల్డ్‌ను వదిలేయడమే పెద్ద విషయం. రెండింట్లో ఒకటి ఎంచుకోవడానికి నేను వాడే కొలబద్ద ఇది. ఒక జిల్లాలో రక్తహీనత ఎంత, ఒక కాలేజీలో కళ్లజోడు ఉన్నవాళ్లెందరు, ఇలా ఉన్నదాన్ని వర్ణించే పని అయితే విల్సన్ చాలు. ఇలాంటి అంకెలు వందలకొద్దీ ప్రచురిస్తాం, సగటున 95 నిలబడితే న్యాయమే. కానీ 'ఇది సురక్షితం', 'ఈ టెస్ట్ తప్పుడు పాజిటివ్ ఇవ్వదు', 'ఈ మందుతో సీరియస్ కేసులు తగ్గాయి' అని హామీ ఇస్తున్నప్పుడు, ఆ ఒక్క అంకె మీద ఎవరి ప్రాణమో ఆధారపడుతుంది. అక్కడ ఇంటర్వెల్ 95 కంటే కిందికి జారే అవకాశం ఉండకూడదు, వెడల్పు కొంచెం ఎక్కువైనా భరించాలి. మీది కాంప్లికేషన్ రేటు. అందుకే ఎగ్జాక్ట్ అన్నాను.

రెంటికీ నడిమి దారిగా మిడ్-పి అని ఇంకో పద్ధతి ఉంది. అచ్చంగా మీకు వచ్చిన సంఖ్యకున్న సంభావ్యతలో సగమే లెక్కలోకి తీసుకుని క్లాపర్–పియర్సన్ వెడల్పును తగ్గిస్తుంది. మంచి పద్ధతే, కానీ హామీ పోతుంది. థీసిస్‌లో దీన్ని వివరిస్తూ కూర్చోవాల్సిన అవసరం మీకు లేదు.

ఈ హద్దుల తేడా ఒక దేశపు విధానాన్నే కదిలించగలదని చూపించిన ఉదాహరణ 2020 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ యాంటీబాడీ సర్వే. 3,330 మందిని పరీక్షిస్తే 50 మందికి పాజిటివ్ వచ్చింది, అంటే 1.5 శాతం. జనాభాకు తగ్గట్టు సర్దాక కౌంటీలో 2.49 నుంచి 4.16 శాతం మందికి అప్పటికే వైరస్ సోకిందని మొదటి ప్రతిలో రాశారు. కేసులు బయటికి తెలిసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి జబ్బు అనుకున్నంత ప్రాణాంతకం కాదు అన్న వాదన దాని మీద నిలబడింది.

అంతా టెస్ట్ కిట్ ఎంత నమ్మదగ్గదన్న దాని మీద ఆధారపడి ఉంది. వైరస్ సోకలేదని ముందే తెలిసిన 371 నమూనాల్లో 369 నెగటివ్ అని తయారీదారు డేటా. సర్వే చేసిన స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు సొంతంగా చూసిన 30కి 30 నెగటివ్. మొత్తం 401లో రెండు తప్పుడు పాజిటివ్‌లు, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లను నెగటివ్ అని సరిగ్గా చెప్పే శాతం) 99.5. వినడానికి చాలా బాగుంది. ఇప్పుడు ఆ రెండు తప్పుడు పాజిటివ్‌లకు ఇంటర్వెల్ వేయండి. ఎగ్జాక్ట్ పై హద్దు 1.79 శాతం. 3,330 మందిలో ఒక్కరికీ వైరస్ సోకకపోయినా ఆ లెక్కన దాదాపు 60 పాజిటివ్‌లు వస్తాయి. వచ్చినవేమో 50. అంటే దొరికిన పాజిటివ్‌లన్నీ కిట్ తప్పిదమే అయ్యుండొచ్చన్న అవకాశాన్ని ఆ డేటా కొట్టేయలేదు. అదే 401లో 2కి వాల్డ్ వేసి ఉంటే పై హద్దు 1.19 శాతం, గరిష్ఠంగా 40 తప్పుడు పాజిటివ్‌లు. కనీసం పదిమందికి నిజంగానే సోకిందన్న భరోసా ఎక్కడి నుంచో వచ్చేస్తుంది. ఒకే డేటా మీద వేసిన రెండు ఇంటర్వెల్స్, ఒకదాంతో కథ ఉంది, రెండోదాంతో లేదు. ఆండ్రూ గెల్‌మన్‌తో సహా చాలామంది స్టాటిస్టిషియన్లు ఈ స్పెసిఫిసిటీ అనిశ్చితినే ఎత్తి చూపారు.

తర్వాతి ప్రతిలో రచయితలు చాలా ఎక్కువ నమూనాలు చేర్చారు: 3,324లో 3,308 నెగటివ్. స్పెసిఫిసిటీ మళ్లీ 99.5 శాతమే. కానీ ఇప్పుడు తప్పుడు పాజిటివ్‌ల ఎగ్జాక్ట్ ఇంటర్వెల్ 0.28 నుంచి 0.78. అదే 99.5, అయితే మొదటిది 401 నమూనాల మీద, రెండోది 3,324 మీద. రెండోదాంతో గరిష్ఠంగా 26 తప్పుడు పాజిటివ్‌లు, కాబట్టి మిగతావి నిజమైనవే అనే వాదనకు బలం వచ్చింది. అయితే ఆ 3,324 నమూనాలు ఒకే చోటివి కావు, రకరకాల చోట్ల నుంచి పోగుచేసినవి. వాటన్నిటినీ ఒకే బుట్టలో వేయొచ్చా అన్న ప్రశ్న అలాగే ఉంది. దానికి ఏ ఇంటర్వెల్ ఫార్ములా జవాబు చెప్పలేదు. మీలో ఎవరైనా డయాగ్నస్టిక్ టెస్ట్ మీద థీసిస్ చేస్తుంటే ఇది మీకు నేరుగా వర్తిస్తుంది. జబ్బు ఉన్న 30 మందిలో 28 మందిని టెస్ట్ పట్టుకుంటే సెన్సిటివిటీ 93.3 శాతం, కానీ ఎగ్జాక్ట్ కింది హద్దు 78. మొత్తం శాంపిల్ 200 అయినా సెన్సిటివిటీకి లెక్కలోకి వచ్చేది జబ్బు ఉన్న ఆ 30 మందే.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఒకటి చూద్దాం. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్ మూడో దశ ఫలితాలు 2021లో లాన్సెట్‌లో వచ్చాయి. మొత్తం 130 కోవిడ్ కేసులు: టీకా వేసుకున్నవాళ్లలో 24, డమ్మీ వేసుకున్నవాళ్లలో 106. సీరియస్ కేసులు 16: టీకా వైపు 1, డమ్మీ వైపు 15. సీరియస్ జబ్బుపై సామర్థ్యం 93.4 శాతం, ఇంటర్వెల్ 57.1 నుంచి 99.8 అని ప్రచురించారు. రెండు గుంపుల్లో వేలమంది ఉన్నారు కదా, ఇంటర్వెల్ అంత వెడల్పు ఎందుకు అని నన్ను చాలామంది అడిగారు. ఎందుకంటే సమాచారం ఉన్నది ఆ వేలల్లో కాదు, ఆ 16 కేసుల్లో. రెండు గుంపులూ దాదాపు సమానం కాబట్టి ప్రశ్నను ఇలా మార్చుకోవచ్చు: వచ్చిన 16 సీరియస్ కేసుల్లో టీకా వైపు పడినవి ఎన్ని? 16లో 1. ఇది మామూలు నిష్పత్తి, మీ 50లో 2 లాంటిదే. దానికి ఎగ్జాక్ట్ ఇంటర్వెల్ 0.16 నుంచి 30.2 శాతం. పై హద్దు దగ్గర టీకా వైపు 30.2, డమ్మీ వైపు 69.8. ఒకదాన్ని మరోదాంతో భాగిస్తే 0.433, దాన్ని ఒకటిలోంచి తీసేస్తే సామర్థ్యం 56.7 శాతం. ప్రచురించిన 57.1కి దాదాపు ఆనుకుని వచ్చింది. కింది హద్దుతో చేస్తే 99.8. కాగితం మీద ఈ లెక్క ఒకసారి మీరే చేసి చూడండి. ఇలాంటి పేపర్లు చదవడంలో భయం పోతుంది. అదే 16లో 1కి వాల్డ్ వేసి ఉంటే సామర్థ్యం కింది హద్దు దాదాపు 78 శాతంగా వచ్చేది. 57కీ 78కీ మధ్య ఉన్న ఆ భరోసా డేటాలో లేనిది. ఫైజర్ టీకా పేపర్ ఇంటర్వెల్స్ కోసం క్లాపర్–పియర్సన్ వాడినట్టు పేరు పెట్టి మరీ రాసింది. అక్కడ సీరియస్ కేసులు టీకా వైపు 1, డమ్మీ వైపు 9, సామర్థ్యం 88.9, ఇంటర్వెల్ 20.1 నుంచి 99.7.

ఇంతగా ఎగ్జాక్ట్ తరఫున మాట్లాడాను కాబట్టి దాని పరిధి కూడా చెప్పాలి. బైనామియల్ లెక్క మొత్తం ఒక ఊహ మీద నడుస్తుంది: ప్రతి పేషెంట్ విడి మనిషి, ఒకరికి వచ్చిన ఫలితానికీ ఇంకొకరి ఫలితానికీ సంబంధం లేదు. 30 మంది పేషెంట్ల 60 కళ్లకు శుక్లాల ఆపరేషన్ చేసి '60లో 3' అని ఎగ్జాక్ట్ వేస్తే అది తప్పే. ఒకే మనిషి రెండు కళ్లూ ఒకే షుగరు, ఒకే బీపీ, ఒకే శ్రద్ధ పంచుకుంటాయి. ఊళ్లవారీగా, వార్డులవారీగా తీసిన శాంపిల్‌కీ ఇదే ఇబ్బంది. ఐసీఎంఆర్ 2020 మే–జూన్‌లో చేసిన మొదటి జాతీయ సీరో సర్వేలో (రక్తంలో కోవిడ్ యాంటీబాడీలు వెతికే సర్వేలో) 70 జిల్లాల్లోని 700 క్లస్టర్ల (ఊళ్లు, వార్డుల) నుంచి 28,000 మందిని తీసుకున్నారు. వ్యాప్తి 0.73 శాతం, ఇంటర్వెల్ 0.34 నుంచి 1.13. ఆ 28,000 మందినీ దేశమంతా విడివిడిగా చీటీ తీసి ఎంచుకున్నట్టు భావించి ఎగ్జాక్ట్ వేస్తే దాదాపు 0.63 నుంచి 0.84 వస్తుంది, చూడముచ్చటగా సన్నగా. కానీ క్లస్టర్లను, టెస్ట్ తప్పులను లెక్కలోకి తీసుకున్న ఆ వెడల్పు ఇంటర్వెలే నిజాయితీ గలది. శాంపిల్ ఎలా తీశారో తెలియకుండా ఎగ్జాక్ట్ అన్న ముద్ర ఒక్కటీ చూసి నమ్మకండి. అలాగే ఫాలోఅప్‌కు రాని పేషెంట్లను వదిలేసి 50 అని లెక్కపెట్టి ఉంటే, ఆ రానివాళ్లలో ఏమైందన్నది ఏ ఫార్ములాకీ తెలియదు.

ఇంకో జాగ్రత్త. పద్ధతిని డేటా చూడకముందే ప్రొటోకాల్‌లో రాసిపెట్టుకోవాలి. నాలుగు పద్ధతులూ వేసి చూసి, వాటిలో సన్నగా ఉన్నదాన్ని పేపర్‌లో పెడితే, ఏ పద్ధతికీ దాని 95 శాతం మిగలదు. ఈసారి రివ్యూయర్ అడిగి మార్పించారు కాబట్టి మీ మీద ఆ మాట రాదు. తర్వాతి స్టడీకి మాత్రం ఎథిక్స్ కమిటీకి పంపే కాగితంలోనే పద్ధతి పేరు ఉండనివ్వండి.

సాఫ్ట్‌వేర్ సంగతి. ఆర్‌లో బైనామ్ డాట్ టెస్ట్ ఇచ్చేది క్లాపర్–పియర్సన్. ప్రాప్ డాట్ టెస్ట్ ఇచ్చేది విల్సన్, అదీ అడక్కుండానే కంటిన్యుటీ కరెక్షన్ (పూర్ణసంఖ్యలకు నార్మల్ కర్వ్ వాడేటప్పుడు చేసే చిన్న సర్దుబాటు) కలిపి. ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. స్టేటాలో సీఐ ప్రపోర్షన్స్ అడక్కుండా ఎగ్జాక్టే ఇస్తుంది, సున్నా ఘటనలైతే అది ఒక్కవైపు 97.5 శాతం ఇంటర్వెల్ అని కింద సూచన కూడా పెడుతుంది. పైథాన్ స్టాట్స్‌మోడల్స్‌లో ఏమీ చెప్పకపోతే వచ్చేది వాల్డ్, 'బీటా' అని అడిగితే ఎగ్జాక్ట్. మన మెడికల్ కాలేజీల్లో చాలామంది వాడే ఓపెన్‌ఎపిలో పద్ధతులన్నీ పక్కపక్కనే కనబడతాయి. అందులో 'ఫిషర్ ఎగ్జాక్ట్' పక్కన క్లాపర్–పియర్సన్ అని రాసి ఉంటుంది, అదే తీసుకోండి. ఏదీ లేకపోతే ఎక్సెల్ చాలు. బీటా డాట్ ఇన్వ్ ఫంక్షన్‌లో 0.025, 2, 49 ఇస్తే కింది హద్దు, 0.975, 3, 48 ఇస్తే పై హద్దు. కింది హద్దుకు ఘటనల సంఖ్య, ఆపైన ఘటన రానివాళ్ల సంఖ్యకు ఒకటి కలిపి. పై హద్దుకు ఘటనల సంఖ్యకు ఒకటి కలిపి, ఆపైన ఘటన రానివాళ్ల సంఖ్య. ఘటనలు సున్నా అయితే కింది హద్దు దగ్గర ఎక్సెల్ ఎర్రర్ ఇస్తుంది, అక్కడ మీరే సున్నా రాసుకోవాలి.

రిజల్ట్స్‌లో ఇలా ఉండాలి: '50 మందిలో ఇద్దరికి కాంప్లికేషన్ వచ్చింది (4.0 శాతం; 95 శాతం ఎగ్జాక్ట్ క్లాపర్–పియర్సన్ ఇంటర్వెల్ 0.5 నుంచి 13.7).' '2/50' అన్న అసలు సంఖ్య తప్పకుండా కనబడాలి, ఎందుకంటే చదివేవాళ్లకు కావాలంటే తమ పద్ధతిలో తామే లెక్కేసుకోగలగాలి. శాతాన్ని 4.00 అని రెండు దశాంశాలకు సాగదీయకండి, 50 మంది డేటాకు అంత సూక్ష్మత లేదు. మెథడ్స్‌లో ఒక్క వాక్యం చాలు: నిష్పత్తులన్నిటికీ క్లాపర్–పియర్సన్ పద్ధతిలో రెండువైపుల 95 శాతం ఇంటర్వెల్స్ ఇచ్చామని, ఏ సాఫ్ట్‌వేర్ అన్నది పక్కన. రివ్యూయర్‌కు జవాబులో, ముందు వాల్డ్ వాడామనీ ఇప్పుడు మార్చామనీ సూటిగా రాయండి. డిస్కషన్‌లో 'కాంప్లికేషన్లు 4 శాతమే' అన్న చోట 'దాదాపు 14 శాతం వరకు ఉండే అవకాశాన్ని ఈ డేటా తోసిపుచ్చలేదు' అన్న మాట చేర్చండి. ఆ వాక్యం మీ పేపర్‌ను బలహీనం చేస్తుందని గైడ్ అనొచ్చు. మీ పేపర్ చదివి రేపు ఇంకో ఊళ్లో ఈ ఆపరేషన్ మొదలుపెట్టబోయే సర్జన్‌కు మాత్రం అన్నిటికంటే అవసరమైన వాక్యం అదే.

రివ్యూయర్‌కు పంపే ముందు ఒక్క విషయం చూసుకోండి. ఏం ఆపరేషన్ అన్నది మీరు రాయలేదు. హెర్నియా లాంటిదై, ఆ 50లో ఒకే మనిషికి రెండువైపులా చేసినవి ఉంటే, 50 అన్నది మనుషుల సంఖ్యా ఆపరేషన్ల సంఖ్యా? ఆపరేషన్ల సంఖ్య అయితే పైన నేనిచ్చిన అంకెలు వాడకండి. పేషెంట్ల లెక్కన మళ్లీ లెక్కపెట్టి, ఎంతమంది, ఎందరికి కాంప్లికేషన్ అన్నది ఇక్కడే రాయండి, కొత్త హద్దులు చెప్తాను.